మూడు చక్రముల బండి మడ్గార్డులు: వాని సంరక్షణము

సముద్రమునకును ఇనుమునకును ఏనాడును పొత్తు కుదరలేదు. ఈ సంగతి విశాఖపట్టణ వాసులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. మన నగరము సముద్రపుటొడ్డున నిలిచి, ఇనుముతో బ్రదుకుచున్న నగరము. 1933 వ సంవత్సరము అక్టోబరు 7 వ తేదీన ‘జలదుర్గ’ యను ఓడ మన రేవున ప్రవేశించెను. 1948 మార్చి 14 వ తేదీన మన నౌకానిర్మాణశాలలో కట్టబడిన ‘జల ఉష’ నీట దిగెను. 1992 ఆగస్టు 1 వ తేదీన మన ఉక్కు కర్మాగారము జాతికి అంకితము చేయబడెను. ఇనుమును కరగించువారును, ఆ యినుముతో ఓడలు కట్టువారును, దానిని దేశాంతరములకు పంపువారును ఇచ్చటనే యున్నారు. దానిని రేయింబవళ్లు తినివేయు ఉప్పుగాలియు నిచ్చటనే వీచుచున్నది. ఓడలను, రేవులోని క్రేనులను కాపాడుటకు ఇంజనీర్లు కలరు, వానికై ప్రత్యేకముగా చేయబడిన రంగులు కలవు. కాని మన వీధి మొగలో నిలుచు ఆటోరిక్షాను, దివ్యాంగులు నడుపుకొను ప్రక్కచక్రముల స్కూటరును కాపాడువారెవరు? వాని యజమానులే. అట్టి బండ్లలో మొట్టమొదట దెబ్బతినునది మడ్గార్డు. దానిని కాపాడుకొను విధము నీ వ్యాసమున వివరింతును.

ఇంత చిన్న విషయమునకు ఒక వ్యాసము కావలెనా యని కొందరికి తోచవచ్చును. మన విద్యార్థులలో ఆటో నడుపు తండ్రుల బిడ్డలు కలరు. ఆటోలో బడికి వచ్చు పిల్లలు ఇంకను అనేకులు. ఆటో నడుపువాని రాబడి ఏనాటిది ఆనాటిదే. అప్పుచేసి కొన్న బండికి నెలనెలకు వాయిదా చెల్లింపవలెను. మడ్గార్డు పుచ్చి ఊడినచో కొత్తరేకు వెల యొకటి, టింకరింగు పనివాని కూలి యొకటి, బండి నిలిచిపోయిన దినముల రాబడి నష్టము మరియొకటి. ఫిట్‌నెస్ తనిఖీకి బండిని తీసికొనిపోవునప్పుడు చిల్లులు పడిన రేకుతో పోవుట గౌరవమును గాదు, క్షేమమును గాదు. 2019 వ సంవత్సరమున రాష్ట్ర ప్రభుత్వము వాహనమిత్ర యను పథకమును ప్రారంభించి, సొంత ఆటో నడుపువారికి భీమా, తనిఖీ, మరమ్మతుల నిమిత్తము ఏడాదికి 10,000 రూపాయల చొప్పున నిచ్చెను. బండి మరమ్మతు ఒక కుటుంబమునకు ఎంత బరువో దీనివలననే తెలియుచున్నది. ఇక కాళ్లు సహకరింపని వానికి ప్రక్కచక్రముల స్కూటరే కాళ్లు. అది పది దినములు మరమ్మతుశాలలో నుండిన, ఆ పది దినములును అతడు ఇంటనే కూర్చుండవలెను.

మూడు చక్రముల మోటారు బండ్లు లోకమునకు కొత్తవి కావు. అమెరికాలో హార్లీ-డేవిడ్‌సన్ కంపెనీవారు 1932 మొదలు 1973 వరకు ‘సర్వీ-కార్’ అను మూడు చక్రముల మోటారు సైకిలును తయారుచేసిరి. ఇటలీలో పియాజియో కంపెనీవారి ‘ఆపె’ 1948 లో వెలువడెను. ఆ మాటకు తేనెటీగ యని యర్థము. మన దేశమున బజాజ్ కంపెనీవారు 1959 లో రెండు చక్రముల బండ్లను, మూడు చక్రముల బండ్లను తయారుచేయుటకు ప్రభుత్వానుమతి పొందిరి. నేడు గాజువాక, కంచరపాలెము, పాతపట్టణము, మద్దిలపాలెము మొదలగు చోట్ల ఈ బండ్లు లేక జనులకు దినము గడవదు. దేశములు వేరైనను, రూపములు వేరైనను, ఈ బండ్లన్నిటికిని ఒక లోపము సమానము. అది యేదన, వెనుక చక్రముల మీది రేకులకు రాళ్లదెబ్బ తప్పకుండుట.

దీని కారణమును విద్యార్థులు గమనింపవలెను. రెండు చక్రముల బండిలో వెనుక చక్రము ముందు చక్రపు జాడలోనే నడచును. ముందు చక్రము ఎగురగొట్టిన గులకరాళ్లు చాలవరకు బండి అడుగుభాగమునకు తగిలి పడిపోవును. మూడు చక్రముల బండి యట్లు గాదు. ముందు చక్రము నడుమనొక జాడను, వెనుక చక్రములు ఇరుప్రక్కల రెండు జాడలను తీయును. ముందు చక్రము చిమ్మిన రాళ్లలో ఏటవాలుగా ఎగిరినవి వెనుకనున్న రేకుల మొగమున సూటిగా తగులును. అంతేగాక, నడుపువాడు గోతిని చూచి ముందు చక్రమును తప్పించినను, వెనుక చక్రములలో నొకటి యా గోతిలోనే పడుచుండుట మనము నిత్యము చూచుచున్నాము. అప్పుడు బురదయు, కంకరయు రేకు లోపలి భాగమున కొట్టును. ఈ విధముగా వెనుక మడ్గార్డునకు బయటినుండియు, లోపలినుండియు దెబ్బలే. వేగము సంగతి యందరును ఎరుగవలసినది. వేగము రెండింతలైనచో రాతిదెబ్బ బలము నాలుగింతలగును. గంటకు 20 కిలోమీటర్ల వేగమున గీతమాత్రము పెట్టిన రాయి 40 కిలోమీటర్ల వేగమున రంగు పెచ్చును ఎగురగొట్టగలదు.

బండిరంగు చూచుటకు ఒకటే పొరవలె కనబడును గాని, నిజమునకు అది నాలుగైదు పూతల కూర్పు. ముందుగా రేకును శుభ్రపరచి ఫాస్ఫేటు ద్రావణముతో పదును చేయుదురు. దానిపై ప్రైమరు, ప్రైమరుపై అసలు రంగు, కొన్నిటికి ఆ రంగుపై పారదర్శకమైన మెరుగుపూత. ఇవన్నియు కలిసి సుమారు నూరు మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో పదవవంతు మందముండును. ఒక పోస్టుకార్డు దీనికంటె దళసరిగా నుండును. ఇంత పలుచని కవచము ఉప్పుగాలికిని ఇనుమునకును నడుమ నిలిచి యున్నది. అది చెక్కుచెదరనంతవరకు ఇనుమునకు భయము లేదు. నువ్వుగింజంత పెచ్చు లేచినదా, శత్రువునకు కోటతలుపు తెరచినట్లే.

త్రుప్పు పట్టుటకు ఇనుమునకు రెండు వస్తువులు కావలెను: నీరు, ప్రాణవాయువు. ఇనుపరేకుపై తడి నిలిచినప్పుడు, ఆ తడిలో సూక్ష్మమైన విద్యుత్ప్రవాహ మేర్పడును. రేకులో నొకచోట ఇనుము కొంచెము కొంచెముగా కరగును. మరియొకచోట గాలిలోని ప్రాణవాయువు నీటితో కలిసి ఆ మార్పునకు తోడ్పడును. ఇట్లు పుట్టిన ఎఱ్ఱని పదార్థమే త్రుప్పు. మంచినీటిలో ఈ పని మెల్లగా సాగును. ఉప్పునీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించును గాన త్వరత్వరగా సాగును. పుట్టిన త్రుప్పు తాను తినిన యినుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. అందుచేత అది రంగును క్రిందినుండి పైకి తన్ని పొంగించును. పొంగిన రంగు పగులును, పగిలినచోట మరల తడి చేరును. బయట నువ్వుగింజంత కనబడిన మచ్చ లోపల రూపాయి బిళ్లంత వ్యాపించి యుండుట ఇందువలననే.

ఢిల్లీలోని ఇనుప స్తంభము 1,600 సంవత్సరములుగా ఎండకు, వానకు నిలిచియుండగా మన మడ్గార్డు రెండేండ్లైనను నిలువదేమి యని విద్యార్థులు అడుగవచ్చును. ఆ స్తంభపు టినుములో భాస్వర మధికముగా నున్నది. అది కాలక్రమమున స్తంభముపై ఒక రక్షక పొర నేర్పరచినది. మీదుమిక్కిలి ఢిల్లీ సముద్రమునకు బహుదూరము. మన మడ్గార్డో, మిల్లీమీటరునకు అటునిటుగా నుండు పలుచని రేకు, ఉప్పుగాలిలో తిరుగునట్టిది. దానికి రంగే దిక్కు.

మన యూరి గాలి స్వభావమును కొంచెము తలపోయుదము. వానకాలమున వంటయింటి జాడీలోని ఉప్పు దానంతట అది చెమర్చుట ప్రతి తల్లియు ఎరిగినదే. గాలిలోని తేమ నూటికి 75 పాళ్లు దాటినప్పుడు ఉప్పు గాలినుండియే నీటిని పీల్చుకొని కరగును. మన తీరమున తేమ అనేక దినములు ఈ హద్దును దాటుచునే యుండును. కావున వాన లేని రాత్రియందు సైతము, ఉప్పు అంటుకొనిన రేకు ఉప్పునీటిలో నానుచున్నట్లే లెక్క. రేవు పరిసరములలో బొగ్గుధూళి, ఖనిజపు ధూళి యెగురుచుండును. ఆ ధూళి మడ్గార్డు లోపలి అంచులలో చేరి, తడిని పట్టి నిలుపుకొనును. జూను మొదలు సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనపు వానలు, అటుపిమ్మట తుపానుల కాలము. 2014 అక్టోబరు 12 వ తేదీన హుద్‌హుద్ తుపాను మన నగరమును తాకినప్పుడు సముద్రపు తుంపరలు గాలితో కలిసి ఊరిమీద పడిన సంగతి పెద్దలకు జ్ఞాపకమే. ఇక భారవాహనములు తిరుగు మార్గములలో లారీల చక్రములు చిమ్ము కంకర సంగతి చెప్పనక్కరలేదు.

వ్యాధిని తెలిసికొంటిమి గాన చికిత్సకు వత్తము. ఖర్చు లేని ఉపాయములను ముందుగాను, ఖర్చు గలవానిని తరువాతను చెప్పెదను.

మొదటిది కడుగుట. వారమునకు ఒకసారియైనను, వానలో తిరిగిన దినమున తప్పకుండగను, మడ్గార్డును మంచినీటితో కడుగవలెను. సముద్రతీరమున కొన్ని బోరు బావుల నీరు ఉప్పగా నుండును. ఆ నీటితో కడుగుట శత్రువును ఇంటికి పిలిచినట్లగును. మనవారు సాధారణముగా బయటి మెరుగును మాత్రమే కడిగి తృప్తిపడుదురు. కడుగవలసిన ముఖ్యస్థలము లోపలి భాగము. రేకు అంచు లోపలికి మడవబడిన చోట బురద గట్టిపడి కూర్చుండును. దానిని ముందుగా నీటితో నానబెట్టి, కర్రపుల్లతో గాని పాత పళ్లకుంచెతో గాని తీయవలెను. ఇనుపచువ్వతో గీకరాదు. పొడిగుడ్డతో ధూళిని తుడిచినచో ఇసుక రేణువులే రంగును గీయును. కావున ముందు నీరు పోసి, పిమ్మట మెత్తని తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరనీయవలెను. అంచు అడుగున నీరు జారుటకై విడిచిన రంధ్రములున్నచో వానిని మూసిపోనీయరాదు.

రెండవది నడుపు పద్ధతి. కంకర లారీల వెనుక దగ్గరగా పోరాదు. కొత్తగా కంకర పరచిన బాటలో వేగము తగ్గింపవలెను. పరిమితికి మించి జనులను ఎక్కించినచో బండి క్రుంగి, గతుకులలో చక్రము మడ్గార్డునకు రాచుకొనును. అప్పుడు లోపలి రంగు ఒక్క దినమున అరిగిపోవును. నలుగురు ఎక్కవలసిన బండిలో పదిమందిని ఎక్కించుట ప్రాణములకే యపాయమని అందరును చెప్పుదురు. అది బండికిని అపాయమే.

మూడవది రబ్బరు ఫ్లాపు. రాయి తగిలిన తరువాత బాధపడుటకంటె, ఎగురుచోటనే దానిని ఆపుట మేలు. ముందు మడ్గార్డు వెనుక అంచునకు ఒక దళసరి రబ్బరు ముక్కను బిగించినచో, ముందు చక్రము చిమ్ము రాళ్లు దానికి తగిలి నేల రాలును. పాత టైరు రబ్బరు కోసి యీ పనికి వాడుకొనవచ్చును. చక్రముకంటె అది కొంచెము వెడల్పుగా నుండవలెను. దాని క్రింది అంచు నేలకు నాలుగైదంగుళముల ఎత్తున నిలువవలెను. బండి మలుపు తిరుగునప్పుడు చక్రమునకు గాని బ్రేకు తీగకు గాని తగులకుండునట్లు చూచుకొనవలెను. దానిని బిగించుటకు రేకునకు తొలిచిన రంధ్రముల అంచులకు వెంటనే ప్రైమరు పూయుట మరవరాదు. లేకున్న రక్షణకై చేసిన రంధ్రమే త్రుప్పునకు ద్వారమగును. కొన్ని రూపాయలతో జరుగు ఈ పని, ఖరీదైన పూతలు చేయలేని మేలు చేయును.

నాలుగవది లోపలి పూత. రేకు లోపలి భాగము కంటికి కనబడదు గనుక అచ్చట అందము నపేక్షింపక, దళసరిగా రబ్బరు జాతి పూతను గాని తారు జాతి పూతను గాని వేయింతురు. ఇది మెత్తగా నుండి రాతిదెబ్బను తనలో నిముడ్చుకొనును. అయితే దీనిని వేయుటకు ముందు రేకు బొత్తిగా పొడిగాను, త్రుప్పు లేకుండగను ఉండవలెను. త్రుప్పుపై పూసినచో లోపలి తడి బయటికి పోజాలక, పూతచాటున రేకును హరించును. కొందరు ఇంజను నుండి తీసిన పాత నూనెను లోపల పూయుదురు. అది ధూళిని పట్టును, వానకు కారి నేలను, కాలువలను పాడుచేయును. ఆ యలవాటును మానవలెను.

ఐదవది పారదర్శకమైన పొర. పాలీయూరిథేను అను సాగుడు గుణము గల పదార్థముతో చేసిన ఈ పొరను రంగుపై అంటింతురు. వియత్నాము యుద్ధకాలమున హెలికాప్టరుల రెక్కలను ఇసుకదెబ్బలనుండి కాపాడుటకు ఇట్టి పొరను వాడిరి. పిమ్మట అది మోటారు బండ్లకు వచ్చెను. రాయి తగిలినప్పుడు ఈ పొర అణగి మరల యథాస్థితికి వచ్చును, క్రిందనున్న రంగు చెదరదు. బండి యంతటికి దీనిని వేయుట వ్యయముతో గూడిన పని. కాని రాళ్లు సూటిగా తగులు భాగము, అనగా వెనుక మడ్గార్డు ముందుమొగము, జానెడు మాత్రమే గదా! ఆ జానెడుకు వేసిన చాలును. రంగును కడిగి ఆరబెట్టి, పలుచని సబ్బునీరు చల్లి, పొరను పరచి, నడుమనుండి అంచులవైపునకు నీటిని, గాలిబుడగలను నెట్టివేయవలెను. అంచు ఒకచోట లేచినను దానిలో బురద చేరును. అట్లు లేచిన పొరను ఉంచుటకంటె తీసివేయుటయే మేలు.

ఇన్ని జాగ్రత్తలు పడినను ఎప్పుడో యొకప్పుడు పెచ్చు లేవక మానదు. అప్పుడు చేయవలసిన చికిత్స యిది. ఆలస్యము చేయరాదు. ఆ చోటు కడిగి బాగుగా ఆరనీయవలెను. సన్నని గరుకు కాగితముతో త్రుప్పును ఇనుము తళుక్కుమనువరకు రుద్ది, చుట్టునున్న రంగు అంచును నున్నన చేయవలెను. పొడిని తుడిచి, చేతి చెమట తగులనీయక, రెడ్ ఆక్సైడు ప్రైమరునో, జింకు కలిసిన ప్రైమరునో పలుచగా పూయవలెను. అది ఆరిన పిమ్మట బండిరంగును రెండుమార్లు పలుచగా వేయవలెను. ఒక్కసారి దళసరిగా పూసిన రంగు పైన ఆరి, లోపల పచ్చిగా నుండి, పొరలుగా లేచిపోవును. ముసురు పట్టిన దినమున గాని, మంచు కురియు సాయంకాలమున గాని ఈ పని పెట్టుకొనరాదు. త్రుప్పుపై లప్పము పెట్టి, దానిపై రంగు కొట్టించుట కొందరి వాడుక. అది పుండుపై పట్టుగుడ్డ కప్పినట్లుండును. మడ్గార్డు ఎల్లప్పుడును అదరునది గాన, దళసరి లప్పము త్వరలోనే పగులును.

ఫైబరు మడ్గార్డు వేయించిన ఈ బాధయే లేదుగదా యని కొందరనవచ్చును. ఫైబరునకు, ప్లాస్టిక్కునకు త్రుప్పు పట్టదనుట నిజమే. కాని అవి ఎండకు పెళుసెక్కి, దెబ్బకు బీటలు వారును. వానిని బిగించు మరలు మాత్రము ఇనుపవే. ఆ మరల చుట్టును త్రుప్పు చేరి పట్టు సడలును. కావున మరలకు గ్రీజు పూయుట, సడలినవానిని బిగించుట వానికిని అవసరమే. యశదము పూసిన రేకు దొరికినచో అది మేలైనది. యశదము తాను ముందుగా కరగి ఇనుమును కాపాడును. ఓడల అడుగున యశదపు దిమ్మలను బిగించుట ఈ ధర్మమును బట్టియే. తనకంటె బలవంతునికొఱకు తాను ముందుగా క్షయించు ఈ లోహమును చూచి మనము నేర్చుకొనదగినది కొంత కలదు.

విద్యార్థులారా! మీ యింట ఆటో యున్నచో, శనివారపు సాయంకాలము అరగంట సేపు తండ్రికి తోడ్పడుడు. మడ్గార్డు లోపలి బురద తీయుడు. పెచ్చు లేచిన చోట్లను వ్రేలితో తడిమి చూచి ఆయనకు చెప్పుడు. మీ వీధిలో ప్రక్కచక్రముల స్కూటరు నడుపు దివ్యాంగులున్నచో, వంగి మడ్గార్డు క్రింద కడుగుట వారికి కష్టమని తలచి, అడిగి ఆ పని చేసిపెట్టుడు. దీనికి ధనము అక్కరలేదు. ఒక బకెట్టు మంచినీరు, ఒక పాతగుడ్డ, కొంచెము శ్రద్ధ చాలును.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయమున, భూమిమీది ధనమును పాడుచేయువానిలో త్రుప్పును ఒకటిగా మన ప్రభువు పేర్కొనియున్నాడు. లోకపు ధనముపై మనస్సు పెట్టుకొనరాదనుట ఆ బోధ తాత్పర్యము. అయినను కుటుంబ పోషణకై దేవుడు చేతికిచ్చిన పనిముట్టును అశ్రద్ధచేత పాడు కానిచ్చుట ఆ బోధకు సమ్మతము గాదు. ఇనుమును త్రుప్పు ఒక్క దినమున తినదు. నువ్వుగింజంత చోటున మొదలుపెట్టి, మనము చూడని తావున మెల్లగా పని సాగించును. ఆ నువ్వుగింజంత చోటును నేడే చూచి కప్పినవాని బండి పదేండ్లు నడచును, రేపు చూతమన్నవాని బండి రెండు వానకాలములకే మరమ్మతుశాల చేరును.